కీటక కణాలలో బాక్యులోవైరస్ ప్రోటీన్ల ఉత్పత్తి

బాక్యులోవైరస్‌లు కీటకాలకు సోకే వైరస్‌లలో ఒక పెద్ద కుటుంబం. ఇవి పురుగు కణంలోని కేంద్రకంలో ప్రవేశించి, ఆ కణానికి చెందిన రైబోజోములను, శక్తిని, ముడిసరుకును వాడుకొని తమకు కావలసిన ప్రోటీన్లను (మాంసకృత్తులను) ఒక నిర్దిష్టమైన క్రమంలో తయారు చేయించుకుంటాయి. ఈ క్రమంలో చిట్టచివర, మిగిలిన వాటన్నింటికంటె ఎక్కువ పరిమాణంలో తయారయ్యే ప్రోటీను పేరు పాలీహెడ్రిన్. కృష్ణా డెల్టా రైతులు ఎన్.పి.వి. ద్రావణం అనే పేరుతో పైరుపై చల్లే మందు ఈ పాలీహెడ్రిన్ స్ఫటికాలలో దాగి ఉన్న వైరస్సే. అదే ప్రోటీనుకు సంబంధించిన జన్యువును తొలగించి, దాని స్థానంలో మరొక జన్యువును ఉంచి, మానవులకు టీకాలు తయారు చేసే పద్ధతి కూడా వాడుకలో ఉన్నది.

పేరు, వర్గీకరణ

లాటిన్ భాషలో బాక్యులం అంటే కర్ర. ఈ వైరస్ కణాలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చిన్న కర్రల వలె కనిపించటం వలన ఈ పేరు వచ్చింది. వీటి జన్యుపదార్థం వలయాకారంలో ఉండే రెండు పోగుల డి.ఎన్.ఏ. దాని పొడవు జాతిని బట్టి సుమారు 80,000 నుండి 1,80,000 క్షార జంటల వరకు ఉంటుంది. పోలికకు చెప్పాలంటే, హెచ్.ఐ.వి. జన్యుపదార్థం సుమారు 10,000 క్షారాలు మాత్రమే. అనగా బాక్యులోవైరస్ తనకు కావలసిన పనిముట్లలో చాలా భాగం వెంట తెచ్చుకొనే వైరస్. ప్రోటీన్ల తయారీలో దీని ప్రత్యేకత అంతా ఈ విషయంపైనే ఆధారపడి ఉన్నది.

ఈ కుటుంబంలో నాలుగు ప్రజాతులు ఉన్నాయి. సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు ఉండే లెపిడోప్టెరా క్రమానికి సోకే న్యూక్లియర్ పాలీహెడ్రోసిస్ వైరస్‌లు ఆల్ఫాబాక్యులోవైరస్ ప్రజాతికి చెందుతాయి. వీటినే క్లుప్తంగా ఎన్.పి.వి. అని వ్యవహరిస్తారు. సాధారణంగా ఒక్కొక్క ఎన్.పి.వి. ఒకటి రెండు దగ్గరి జాతుల పురుగులకే సోకుతుంది. పొగాకు లద్దె పురుగు వైరస్ శనగపచ్చ పురుగుపై పనిచేయదు. తేనెటీగలకు, సాలీళ్ళకు, చేపలకు, పశువులకు, మనుషులకు వీటి వలన వ్యాధి రాదు.

కృష్ణా డెల్టాలో పురుగులు, వైరస్

విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీ నుండి రెండు వైపులా సాగే కాలువల కింద ఖరీఫ్‌లో వరి, ఆ తరువాత మాగాణి మినుము పండించటం డెల్టాలో స్థిరపడిన పద్ధతి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పొలంలో మిగిలి ఉన్న పదునులో మినుము విత్తనాలు చల్లుతారు. దుక్కి లేదు, మరల నీరు పెట్టటం సాధారణంగా ఉండదు. ఈ పైరును ఆశించే వాటిలో పొగాకు లద్దె పురుగు ముఖ్యమైనది. దీని శాస్త్రీయ నామం స్పోడోప్టెరా లిట్యురా. తల్లి పురుగు ఆకు మీద గుడ్లను గుంపుగా పెట్టి, వాటిపై తన శరీరపు నూగును కప్పుతుంది. పిల్ల పురుగులు గుంపుగా ఉండి ఆకులోని పత్రహరితాన్ని గోకి తిని జల్లెడాకు చేస్తాయి. పెద్దవైన పురుగులు పగలు నేల నెర్రెలలో దాగి, రాత్రివేళ పైరుపై పడతాయి.

డెల్టాకు ఎగువన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల నల్లరేగడి నేలలలోను, గుంటూరు వైపున ప్రత్తి, మిరప, కంది పైర్లలోను ప్రధాన శత్రువు శనగపచ్చ పురుగు (హెలికోవెర్పా ఆర్మిజెరా). 1980లలో ఈ పురుగుపై సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విరివిగా చల్లారు. 1987-88 నాటికి మందులకు పురుగు లొంగకపోవటం, తెల్లదోమ విజృంభించటం వలన గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ప్రత్తి పంట ఘోరంగా దెబ్బతిన్నది. అప్పులపాలైన రైతుల ఆత్మహత్యలు ఆ సంవత్సరం రాష్ట్రమంతటా చర్చకు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ నుండి సేకరించిన శనగపచ్చ పురుగులలో పైరిత్రాయిడ్లను తట్టుకొనే శక్తి పెరిగిందని తరువాత పరీక్షలు కూడా ధ్రువపరిచాయి. వైరస్ మందుపై వ్యవసాయ శాస్త్రవేత్తలకు, రైతులకు ఆసక్తి పెరగటానికి ఇదే నేపథ్యం.

వైరస్ సోకిన పురుగులను రైతులు శాస్త్రజ్ఞుల కంటె ముందే చూశారు. చేనులో కొన్ని పురుగులు మొక్క చిటారు కొమ్మకు ఎక్కి, వెనుక కాళ్ళతో పట్టుకొని తలకిందులుగా వేలాడుతూ చనిపోయి ఉంటాయి. ముట్టుకుంటే చర్మం చిట్లి చిక్కని ద్రవం కారుతుంది. ఆ ద్రవపు చుక్కను మామూలు సూక్ష్మదర్శినిలో చూస్తే మెరిసే గింజల వంటివి లెక్కలేనన్ని కనిపిస్తాయి. పట్టుపురుగులలో ఇటువంటి గింజలను ఇటలీ దేశపు పరిశోధకులు మాయెస్త్రి, కొర్నాలియా 1856లోనే వర్ణించారు. ఆ గింజల లోపల కర్రల వంటి వైరస్ కణాలు ఉన్నట్లు 1947లో బెర్గోల్డ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపించాడు.

కణంలోనికి ప్రవేశం

ఈ గింజలను పాలీహెడ్రా (ఏకవచనం పాలీహెడ్రన్) అంటారు. ఒక్కొక్కటి సుమారు 1 నుండి 2 మైక్రాన్ల పరిమాణంలో ఉండే బహుముఖ స్ఫటికం. దానిలో పాలీహెడ్రిన్ ప్రోటీను గోడ వలె పేర్చబడి ఉంటుంది. ఆ గోడ మధ్య వైరస్ కణాలు పొదగబడి ఉంటాయి. ఈ స్ఫటికం నీటిలో కరగదు. నేలలో సంవత్సరాల తరబడి చెడిపోకుండా ఉంటుంది. అయితే క్షారగుణం గల ద్రవంలో వెంటనే కరుగుతుంది. లెపిడోప్టెరా లార్వాల మధ్యపేగులో పి.హెచ్. విలువ 10 లేదా అంతకు మించి ఉంటుంది. మనిషి జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం కాగా పురుగు పేగులో ఉండేది ఘాటైన క్షారం. ఈ తేడాను వైరస్ తాళంచెవి వలె వాడుకుంటున్నది. ఆకుతో పాటు మింగబడిన స్ఫటికం అక్కడ కరిగి, లోపలి వైరస్ కణాలు విడుదలై పేగు గోడ కణాలలోనికి చొరబడతాయి.

కణంలోనికి వెళ్ళిన వైరస్ తన పై తొడుగును వదిలి, కణంలోని యాక్టిన్ పోగుల సాయంతో కేంద్రకం వరకు చేరి, కేంద్రక రంధ్రాల గుండా లోనికి ప్రవేశిస్తుంది. లోపల డి.ఎన్.ఏ. పై చుట్టుకొని ఉన్న పి6.9 అనే చిన్న ప్రోటీను తొలగుతుంది. ఇక ప్రోటీన్ల తయారీ మొదలవుతుంది.

ప్రోటీన్ల తయారీ దశలు

ఏ కణంలోనైనా ప్రోటీను తయారీకి రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది డి.ఎన్.ఏ. లోని జన్యువును చూసి వార్తాహర ఆర్.ఎన్.ఏ. ప్రతిని రాయటం (అనులేఖనం). రెండవది ఆ ప్రతిని రైబోజోములు చదివి అమైనో ఆమ్లాలను వరుసగా కూర్చటం (అనువాదం). రెండవ మెట్టులో బాక్యులోవైరస్ పూర్తిగా పురుగు కణంపైననే ఆధారపడుతుంది. ఒక్క రైబోజోము కూడా దానికి సొంతంగా లేదు. మొదటి మెట్టులో మాత్రం అది సగం దారిలో యజమానిని మారుస్తుంది.

తొలి దశ వైరస్ ప్రవేశించిన కొద్దిసేపటికే మొదలై సుమారు ఆరు గంటల వరకు సాగుతుంది. ఈ దశలో వైరస్ జన్యువులను రాసేది పురుగు కణానికి చెందిన ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్-2 అనే ఎంజైము. కణం వాటిని తన సొంత జన్యువులుగా భ్రమించి రాస్తుంది అనుకోవచ్చును. ముందుగా తయారయ్యే వాటిలో ఐ.ఇ.-1 అనే ప్రోటీను ముఖ్యమైనది. అది మిగిలిన తొలి జన్యువులను మేల్కొలుపుతుంది. డి.ఎన్.ఏ. ప్రతికృతికి కావలసిన ప్రోటీన్లు కూడా ఈ దశలోనే తయారవుతాయి. పి35 అనే మరొక ప్రోటీను పని ఇంకా ఆసక్తికరమైనది. వైరస్ సోకిన కణం తనను తాను చంపుకొని తోటి కణాలను కాపాడటానికి ప్రయత్నిస్తుంది. పి35 ఆ ఆత్మాహుతిని అడ్డుకుంటుంది. దీని సంగతి 1991లో క్లెమ్, ఫెక్‌హైమర్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. కణం బ్రతికి ఉంటేనే కార్ఖానా నడుస్తుంది కాబట్టి వైరస్‌కు ఈ జాగ్రత్త అవసరం.

రెండవ దశ డి.ఎన్.ఏ. ప్రతికృతి మొదలైన తరువాత, అనగా సుమారు ఆరు గంటల నుండి ఒక రోజు వరకు జరుగుతుంది. ఇక్కడ వైరస్ తన సొంత ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్‌ను తయారు చేయించుకుంటుంది. దీనిలో ఎల్.ఇ.ఎఫ్.-4, ఎల్.ఇ.ఎఫ్.-8, ఎల్.ఇ.ఎఫ్.-9, పి47 అనే నాలుగు ఉపభాగాలు ఉన్నాయి. ఈ ఎంజైము జన్యువు ముందు ఉండే టి-ఏ-ఏ-జి అనే నాలుగు అక్షరాల గుర్తును చూసి రాయటం మొదలుపెడుతుంది. కణం సొంత జన్యువుల పని ఈ సమయానికి బాగా తగ్గిపోతుంది. కర్ర ఆకారపు పైకప్పుకు కావలసిన వి.పి.39, డి.ఎన్.ఏ. ను చుట్టటానికి పి6.9 మొదలైనవి ఈ దశలో తయారవుతాయి. ఇలా కూర్చబడిన కొత్త వైరస్ కణాలు కేంద్రకం నుండి బయటపడి, కణపు పొరను కప్పుకొని మొగ్గల వలె వెలికి వస్తాయి. వీటిని మొగ్గ వైరస్‌లు అనవచ్చును. ఇవి వాయునాళాల ద్వారా, రక్తం ద్వారా పురుగు శరీరంలోని కొవ్వు దేహానికి, ఇతర అవయవాలకు వ్యాధిని వ్యాపింపజేస్తాయి.

మూడవ దశ సుమారు 18 నుండి 24 గంటల తరువాత మొదలై కణం పగిలిపోయే వరకు, అనగా మూడు రోజులు లేదా ఇంకా ఎక్కువ కాలం సాగుతుంది. ఈ దశలో వైరస్ పాలిమరేజ్ దాదాపు రెండు జన్యువుల పైననే కేంద్రీకరిస్తుంది: పాలీహెడ్రిన్, పి10. పాలీహెడ్రిన్ సుమారు 245 అమైనో ఆమ్లాలు గల చిన్న ప్రోటీను. అయినా చివరకు కణంలోని మొత్తం ప్రోటీనులో పావు వంతు నుండి సగం వరకు ఇదే ఉండవచ్చును. పి10 పోగుల వలె అల్లుకొని, స్ఫటికాలు సక్రమంగా తయారై కణం నుండి విడుదల కావటానికి తోడ్పడుతుంది. ఈ దశలో తయారైన వైరస్ కణాలు ఇక బయటకు పోవు. కేంద్రకంలోనే ఉండిపోతాయి. వాటి చుట్టూ పాలీహెడ్రిన్ స్ఫటికంగా గడ్డకడుతుంది.

ఇంత ప్రోటీను ఎందుకు?

విద్యార్థులకు ఇక్కడ ఒక సందేహం రావటం సహజం. తన సంతానానికి ఉపయోగపడే పని ఎన్నో ఉండగా వైరస్ తన శక్తినంతా ఒక్క ప్రోటీను మీద ఎందుకు వెచ్చిస్తుంది? సమాధానం కణం లోపల కాక చేనులో దొరుకుతుంది. మొగ్గ వైరస్ ఒక పురుగు లోపల కణం నుండి కణానికి పోగలదు గాని, పురుగు చనిపోయిన తరువాత ఎండలో, ఆకు మీద, మట్టిలో బ్రతకలేదు. తరువాతి పురుగు ఎప్పుడు వస్తుందో తెలియదు. అది వారం కావచ్చును, తరువాతి పంట కాలం కావచ్చును. ఆ నిరీక్షణకు స్ఫటికం కావాలి. అనగా పాలీహెడ్రిన్ అవసరం ఒక పురుగు నుండి మరొక పురుగుకు చేరటానికే. ఒక కణం నుండి మరొక కణానికి చేరటానికి దానితో పని లేదు. ఈ చిన్న తేడాను గుర్తుంచుకుంటే, తరువాత చెప్పబోయే ప్రయోగశాల పద్ధతి యావత్తు సులభంగా అర్థమవుతుంది.

స్ఫటికాలు బయటపడటానికి కూడా వైరస్ ఏర్పాటు చేసుకున్నది. కైటినేజ్, కెథెప్సిన్ అనే రెండు వైరస్ ఎంజైములు చివరి దశలో పురుగు చర్మాన్ని, కండను కరిగిస్తాయి. రైతు చేయి తగలగానే పురుగు చిట్లటానికి కారణం ఇదే. ఇ.జి.టి. అనే మరొక వైరస్ ఎంజైము పురుగు కుబుసం విడవటానికి కావలసిన హార్మోనును పనికిరాకుండా చేస్తుంది. 1989లో ఓరైలీ, మిల్లర్ దీనిని వెల్లడించారు. కుబుసం విడవటం మానిన పురుగు తింటూనే ఉంటుంది, వైరస్‌కు మరింత ముడిసరుకు సమకూరుతుంది. జిప్సీ మాత్ అనే పురుగులో చెట్టు పైకి ఎక్కి చనిపోయే ప్రవర్తనకు కూడా ఈ జన్యువే కారణమని 2011లో తేలింది. పైనుండి కారిన ద్రవం కింది ఆకులన్నింటిపై పడుతుంది.

ఎన్.పి.వి. ద్రావణం తయారీ, వాడకం

మందుగా వాడే వైరస్‌ను నేటికీ ఎక్కువగా బ్రతికి ఉన్న పురుగులలోనే తయారు చేస్తారు. పురుగులను చేను నుండి ఏరి తెస్తారు లేదా శనగపిండి ప్రధానంగా ఉండే కృత్రిమ ఆహారంపై పెంచుతారు. శనగపచ్చ పురుగులు ఒకదానిని మరొకటి తినే స్వభావం గలవి కనుక ఒక్కొక్క పురుగును విడివిడిగా చిన్న గిన్నెలో ఉంచాలి. ఈ పనికి మనుషులు ఎక్కువ కావాలి, ఖర్చంతా ఇక్కడే. ఆహారంపై వైరస్‌ను పూసి తినిపిస్తే సుమారు వారం రోజులలో పురుగులు చనిపోతాయి. వాటిని నీటిలో నలిపి, పలుచని గుడ్డతో వడపోసి, యంత్రంతో స్ఫటికాలను వేరు చేస్తారు. వాసన భరించరానిదిగా ఉంటుంది.

ఈ మందును పురుగుల లెక్కన కొలుస్తారు. ఒక ఎల్.ఇ. (లార్వా సమానం) అంటే 600 కోట్ల స్ఫటికాలు. వ్యాధితో చనిపోయిన ఒక ఎదిగిన పురుగులో ఇంచుమించు దొరికే మోతాదు. హెక్టారుకు సాధారణంగా 250 నుండి 500 ఎల్.ఇ. వరకు సిఫారసు చేస్తారు. 250 ఎల్.ఇ. అంటే ఒకటిన్నర లక్షల కోట్ల స్ఫటికాలు. ఒక పురుగు శరీరంలోని కార్ఖానా ఎంతటిదో ఈ అంకెను బట్టి ఊహించవచ్చును.

అతినీలలోహిత కిరణాలు వైరస్ డి.ఎన్.ఏ.ను పాడుచేస్తాయి. ఆకు మీద ఎండ తగిలిన చోట ఒకటి రెండు రోజులలోనే మందు శక్తి చాలావరకు తగ్గుతుంది. అందువలన సాయంత్రం వేళ పిచికారీ చేయాలి. ద్రావణంలో బట్టలకు వాడే నీలిమందును కలిపితే ఎండ నుండి కొంత రక్షణ కలుగుతుంది. బెల్లం కలిపితే ద్రావణం ఆకుకు అంటుకొని, పురుగు ఇష్టంగా తింటుంది. పురుగులు చిన్నవిగా, జల్లెడాకు దశలో ఉన్నప్పుడు చల్లితేనే ఫలితం ఉంటుంది. ఎదిగిన పురుగును చంపటానికి మోతాదు ఎన్నో రెట్లు కావాలి.

అసలు చిక్కు మరొకటి. పైన చెప్పిన మూడు దశలు ఒక కణంలో పూర్తికావటానికే రెండు మూడు రోజులు పడుతుంది. పురుగంతటా వ్యాపించి అది చనిపోవటానికి నాలుగు నుండి ఏడు రోజులు కావాలి. ఈలోగా పురుగు ఆకు తింటూనే కనిపిస్తుంది. మూడవనాడు పొలం చూసిన రైతు మందు పనిచేయలేదని భావించి రసాయనిక మందు చల్లితే, రెండు ఖర్చులూ మీద పడతాయి. ఈ ఓపికను కోరటం చెప్పినంత తేలిక కాదు. అప్పు తెచ్చి సాగు చేస్తున్న కౌలు రైతుకు వారం రోజులు చాలా పెద్ద వ్యవధి. దీనికి తోడు నాణ్యత సమస్య ఉన్నది. సీసాలో వైరస్ ఉన్నదో లేదో కంటితో చూసి చెప్పలేము. సూక్ష్మదర్శిని కింద స్ఫటికాలను లెక్కించటమే నమ్మదగిన పరీక్ష. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు వైరస్‌లు రెండూ 1968 నాటి కీటకనాశనుల చట్టం పరిధిలోనికి వస్తాయి కనుక వీటి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ రైతులు తమ గ్రామాలలోనే ఈ ద్రావణం తయారు చేసుకొనే విధంగా శిక్షణ ఇచ్చింది. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి వాటర్‌షెడ్ గ్రామం ఇందుకు పేరుపొందింది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ కూడా ఇటువంటి శిక్షణ ఇస్తుంది. 2002లో బి.టి. ప్రత్తికి అనుమతి లభించిన తరువాత ప్రత్తిలో శనగపచ్చ పురుగు బెడద తగ్గటంతో ఈ వైరస్ అవసరం అక్కడ తగ్గింది. కంది, శనగ, మినుము, మిరప పైర్లలో ఇంకా ఉన్నది.

ప్రయోగశాలలో కీటక కణాలు

పురుగు లేకుండా పురుగు కణాలను మాత్రమే గాజుపాత్రలో పెంచటం 1962లో ఆస్ట్రేలియాకు చెందిన థామస్ గ్రేస్ సాధించాడు. 1977లో అమెరికాలో స్పోడోప్టెరా ఫ్రూజిపెర్డా అనే పురుగు ప్యూపా అండాశయం నుండి ఎస్.ఎఫ్.21 అనే కణవంశాన్ని స్థాపించినట్లు ప్రచురితమైనది. దాని నుండి వేరుచేసినదే నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఎస్.ఎఫ్.9. ఈ కణాలు 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో, కార్బన్ డయాక్సైడ్ అందించకుండానే, పెద్ద తొట్లలో తేలుతూ పెరుగుతాయి.

గాజుపాత్రలో కణాలన్నీ ఒకే ద్రవంలో ఉంటాయి. వైరస్ ఎండలో నిరీక్షించవలసిన పని లేదు. మొగ్గ వైరస్‌లే ఒక కణం నుండి మరొక దానికి చేరతాయి. కనుక అక్కడ పాలీహెడ్రిన్ అనవసరం. దాని జన్యువును తీసివేసినా వైరస్ చక్కగా వృద్ధి చెందుతుంది. కాని ఆ జన్యువు ముందు ఉండే ప్రమోటరు, అనగా అంత పెద్ద ఎత్తున రాయమని పాలిమరేజ్‌కు ఆజ్ఞ ఇచ్చే భాగం, అలాగే ఉంటుంది. ఆ ప్రమోటరు వెనుక మనకు కావలసిన జన్యువును ఉంచితే కణం మూడవ దశలో పాలీహెడ్రిన్‌కు బదులు ఆ ప్రోటీనును తయారు చేస్తుంది. అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో స్మిత్, సమ్మర్స్, ఫ్రేజర్ ఈ విధంగా మానవ ఇంటర్‌ఫెరాన్-బీటాను తయారు చేసి 1983లో ప్రకటించారు. 1985లో జపాన్‌కు చెందిన మయెదా బృందం పట్టుపురుగులోనే, పట్టుపురుగు వైరస్ ద్వారా ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫాను తయారు చేసింది.

తొలి రోజులలో మార్పు చెందిన వైరస్‌ను గుర్తించటం కంటికి పరీక్షగా ఉండేది. వేల కణాలలో మెరిసే స్ఫటికాలు లేని వాటిని సూక్ష్మదర్శినిలో వెదకి ఏరుకోవలసి వచ్చేది. 1993లో వైరస్ డి.ఎన్.ఏ. మొత్తాన్ని ఇ. కోలై బాక్టీరియాలో ఉంచి మార్చే పద్ధతి వచ్చాక ఈ శ్రమ తగ్గింది. ఈ రంగంలో ఎక్కువగా వాడే ఆటోగ్రాఫా కాలిఫోర్నికా వైరస్ పూర్తి డి.ఎన్.ఏ. క్రమం (1,33,894 క్షార జంటలు) 1994లో వెలువడింది. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు వైరస్‌ల క్రమాలు 2001లో ప్రకటించబడ్డాయి.

మన దేశంలో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కె.పి. గోపీనాథన్ పట్టుపురుగు వైరస్‌పై కృషి చేశారు. 1999 నుండి 2005 వరకు హైదరాబాదులోని డి.ఎన్.ఏ. వేలిముద్రల నిర్ధారణ కేంద్రం (సి.డి.ఎఫ్.డి.) సంచాలకులుగా ఉన్న సయ్యద్ హస్నైన్ పాలీహెడ్రిన్ ప్రమోటరుకు అంటుకొనే పురుగు కణపు ప్రోటీన్లపై పరిశోధించారు.

పురుగు కణమే ఎందుకన్నది మరొక ప్రశ్న. బాక్టీరియాలో ప్రోటీను తయారీ చౌక. కాని పెద్ద ప్రోటీన్లు సరిగా ముడుచుకోవు, వాటికి చక్కెర గొలుసులు అతకవు. పురుగు కణంలో అంతర్జీవ ద్రవ్యజాలం, గాల్జీ సంక్లిష్టం ఉన్నాయి కాబట్టి ఈ రెండు పనులూ జరుగుతాయి. అయితే పురుగు అతికించే చక్కెర గొలుసులు పొట్టివి, వాటి చివర మానవ ప్రోటీన్లలో ఉండే సయాలిక్ ఆమ్లం ఉండదు. మరొక లోపం: అసలు ఉత్పత్తి జరిగేది కణం చావుకు దగ్గరైన సమయంలో. అప్పటికి గాల్జీ మొదలైన భాగాలు శిథిలమవుతూ ఉంటాయి. కనుక కణం బయటకు పంపవలసిన ప్రోటీన్ల దిగుబడి తక్కువగా ఉంటుంది.

ఇంత సౌకర్యం ఉన్నప్పటికీ పొలానికి కావలసిన ఎన్.పి.వి.ని తొట్లలో ఎందుకు పెంచరు అనవచ్చును. ఖర్చు ఒక కారణం. రెండవది, గాజుపాత్రలో తరం వెంట తరం పెంచిన వైరస్‌లో స్ఫటికాలు తగ్గిపోతాయి. అక్కరలేని బరువును వైరస్ తానే వదిలించుకుంటుంది. టీకాల తయారీకి మేలు చేసిన ఆ లక్షణమే రైతు మందు తయారీకి అడ్డంకిగా మారింది.

టీకాలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే సెర్వారిక్స్ టీకా (2007) కీటక కణాలలో తయారైన మానవ టీకాలలో తొలి ముఖ్యమైనది. దీనికి ట్రైకోప్లూసియా ని అనే క్యాబేజీ పురుగు కణాలు వాడారు. 2013లో ఫ్లూబ్లాక్ అనే ఫ్లూ టీకాకు అమెరికాలో అనుమతి లభించింది. కోవిడ్-19 కాలంలో నోవావాక్స్ సంస్థ కరోనా వైరస్ కొమ్ము ప్రోటీనును ఎస్.ఎఫ్.9 కణాలలో తయారు చేసింది. పూణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన ఈ టీకాకు కోవోవాక్స్ పేరుతో 2021 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత ప్రభుత్వం అత్యవసర వినియోగ అనుమతి ఇచ్చాయి. ఒక్కొక్క మోతాదులో 5 మైక్రోగ్రాముల కొమ్ము ప్రోటీను ఉంటుంది. అదే నెలలో అనుమతి పొందిన హైదరాబాదు బయోలాజికల్-ఇ వారి కోర్బెవాక్స్ కూడా ప్రోటీను టీకాయే గాని, దానిని ఈస్టులో తయారు చేశారు.

పట్టుపురుగు, రొయ్య

పైరుకు మిత్రుడైన ఈ వైరస్ కుటుంబమే పట్టు రైతుకు శత్రువు. పట్టుపురుగు ఎన్.పి.వి. వలన గ్రాసరీ అనే పాలరోగం వస్తుంది. పురుగు ఉబ్బి, పాలవంటి ద్రవం కారి చనిపోతుంది. సి.డి.ఎఫ్.డి.కి చెందిన జె. నాగరాజు బృందం హిందూపురంలోని పట్టు పరిశోధన సంస్థతో కలిసి, వైరస్ జన్యువుల అనులేఖన ప్రతులను నాశనం చేసే పట్టుపురుగులను రూపొందించింది. ఒకటి కాక అనేక వైరస్ జన్యువులను ఒకేసారి అణచిన ఈ పరిశోధన 2013లో, నాగరాజు మరణానంతరం ప్రచురితమైనది.

డెల్టా చెరువులలో 1994-95 నుండి టైగర్ రొయ్యల సాగును కుదేలు చేసిన తెల్లమచ్చల వ్యాధి వైరస్‌ను కూడా తొలుత బాక్యులోవైరస్‌గా భావించారు. ఆకారం కర్రవలె ఉండటం, కేంద్రకంలో వృద్ధి చెందటం దీనికి కారణాలు. జన్యు క్రమం తెలిసిన తరువాత దానిని నిమావిరిడే అనే వేరే కుటుంబంలో చేర్చారు. కొన్ని పాత పుస్తకాలలో, రొయ్యల సాగు కరపత్రాలలో ఇంకా బాక్యులోవైరస్ అనే పేరే కనిపిస్తుంది, అది సరికాదు. ఎన్.పి.వి. ద్రావణం చల్లిన చేను పక్కన ఉన్న చెరువుకు దాని వలన ప్రమాదం లేదు.

కత్తెర పురుగు

ఎస్.ఎఫ్.9 కణాలకు మూలమైన స్పోడోప్టెరా ఫ్రూజిపెర్డా అమెరికా ఖండాల పురుగు. 2018 మే నెలలో కర్ణాటకలో ఇది తొలిసారిగా మన దేశంలో కనిపించింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ మొక్కజొన్న చేలలోనికి ప్రవేశించింది. దీనినే తెలుగు రైతులు కత్తెర పురుగు అంటున్నారు. ఇది పొగాకు లద్దె పురుగుకు దగ్గరి బంధువు. మొక్కజొన్న సుడిలో చేరి ఆకులను కత్తిరించినట్లు తింటుంది. సుడి లోపల దాగటం వలన పైన చల్లిన మందు దానిని సులభంగా చేరదు, కనుక ద్రావణం సుడిలో పడేటట్లు చల్లవలసి ఉంటుంది. దీనికి కూడా సొంత ఎన్.పి.వి. ఉన్నది. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ మన దేశపు కత్తెర పురుగుల నుండే ఆ వైరస్‌ను వేరుచేసి, మొక్కజొన్నపై పరీక్షించింది.